ట్రెడ్‌మిల్ మోటారు మార్చడం: పాతది ఎందుకు కాలిందో తెలిశాకే కొత్తది బిగించాలి

మా నాన్నగారు ఏటా ఒకసారి అలిపిరి మెట్ల దారిన కొండకు నడిచి వెళ్తారు. 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి కాబట్టి, బయలుదేరడానికి రెండు నెలల ముందు నుంచే ఇంట్లో ట్రెడ్‌మిల్ మీద రోజూ నలభై నిమిషాలు నడిచి కాళ్లకు అలవాటు చేసుకుంటారు. మూడేళ్ల క్రితం సరిగ్గా ఆ రోజుల్లోనే యంత్రం కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. మోటారు పోయిందని నేను నిర్ధారించుకుని, కొత్తది తెప్పించి, వచ్చిన సాయంత్రమే బిగించాను. తొమ్మిదో రోజున ఆ కొత్త మోటారు కూడా చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయింది. అప్పుడు నడిచే బెల్టు కింద చెయ్యి దూర్చి చూస్తే, లోపలి చెక్క పలక నూనె చుక్క లేకుండా ఎండిపోయి, అరచేతికి గరుకుగా తగిలింది. మొదటి మోటారు కాలిపోవడానికి ఆ రాపిడే కారణమని, దాన్ని అలాగే ఉంచి రెండో మోటారును దానికి అప్పగించానని అర్థమైంది.

అందువల్ల స్పానర్ పట్టుకునే పని కన్నా దానికి ముందు చేయవలసిన పరీక్షలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను. మోటారు విప్పి బిగించడం కాస్త చేతిపని అలవాటున్నవారికి రెండు గంటల పని. పాతది ఎందుకు పోయిందో కనుక్కోవడానికి ఒక పూట పట్టవచ్చు, కానీ ఆ పూట ఖర్చు పెడితేనే కొత్త మోటారుకు పెట్టిన డబ్బు నిలుస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా ఇళ్లలో ఉండే సామాన్యమైన ట్రెడ్‌మిల్ గురించి. వీటిలో చాలావరకు కార్బన్ బ్రష్షులున్న (అంటే తిరిగే భాగానికి ఆనుకుని దానికి కరెంటు అందించే నల్లటి ముక్కలున్న) డీసీ మోటారు ఉంటుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును లోపలి బోర్డు డీసీగా మార్చి, వేగానికి తగ్గట్టు కోసి కోసి మోటారుకు పంపుతుంది. జిమ్‌లలో వాడే పెద్ద యంత్రాల్లో మూడు ఫేజుల ఏసీ మోటారు, దాన్ని నడిపే ఇన్వర్టర్ డ్రైవ్ ఉండవచ్చు. మోటారు వెనుక బ్రష్ మూతలు లేకుండా, లోపలికి మూడు లావు తీగలు వెళ్తుంటే అది ఆ రకం అని గుర్తు. దాని పరీక్ష పద్ధతి వేరు కాబట్టి ఈ వివరాలను దానికి వర్తింపజేయకండి.

కరెంటు విషయంలో జాగ్రత్త

ముందుగా సేఫ్టీ కీ తీయండి, తరువాత స్విచ్చు ఆపండి, ఆ తరువాత ప్లగ్గును సాకెట్ నుంచి పూర్తిగా బయటికి లాగి, పని ముగిసేవరకు మీ కంటికి కనిపించే చోట ఉంచండి. పక్క గదిలో ఉన్నవారు పొరపాటున ప్లగ్గు పెట్టే అవకాశాన్ని కూడా మిగల్చకూడదు. స్విచ్చు ఆపితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. పాత ఇళ్ల వైరింగులో ఫేజు, న్యూట్రల్ తారుమారై, స్విచ్చు ఆపినా యంత్రంలోకి కరెంటు వచ్చే చోట్లు ఉంటాయి.

ప్లగ్గు తీశాక కూడా బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే అది దాదాపు 325 వోల్టుల వరకు చేరుతుంది. ఆ నిల్వ ఒక్కసారి చేతిలోంచి పోతే చాలా హాని జరుగుతుంది. కాబట్టి ముందు భాగంలోని ప్లాస్టిక్ కవరు స్క్రూలు విప్పాక వెంటనే చెయ్యి పెట్టకుండా పది నిమిషాలు ఆగి, మల్టీమీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల స్థాయిలో ఉంచి ఆ కెపాసిటర్ల కాళ్ల మధ్య కొలవండి. పది వోల్టుల లోపుకు దిగిందని మీటరు చూపించాకే పని మొదలుపెట్టండి. స్క్రూడ్రైవరు మొనతో రెండు కాళ్లనూ కలిపి మెరుపు తెప్పించే పద్ధతిని కొందరు మెకానిక్‌లు పాటిస్తారు. దానివల్ల బోర్డూ చెడుతుంది, కంటికీ ప్రమాదం. ఆ పని చేయకండి.

పోయింది మోటారేనా

యంత్రం కదలకపోతే నింద ముందుగా మోటారు మీద పడుతుంది. కానీ సేఫ్టీ కీ సరిగ్గా కూర్చోకపోవడం, పవర్ స్విచ్చు పక్కనున్న ఓవర్‌లోడ్ బటన్ బయటికి వచ్చి ఉండటం, బోర్డు పాడవడం, వేగాన్ని చదివే చిన్న సెన్సార్ తన చోటు నుంచి జరగడం, ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. బెల్టు రెండు మూడు సెకన్లు కదిలి ఆగిపోతూ, తెర మీద తప్పు సంకేతం వస్తుంటే, మోటారు బాగానే తిరుగుతోందని, తిరుగుతున్నట్టు బోర్డుకు కబురు అందడం లేదని అర్థం. అటువంటప్పుడు ముందుగా సెన్సార్‌ను చూడాలి. అది ఫ్లైవీల్ (మోటారు షాఫ్టుకు బిగించిన బరువైన చక్రం) పక్కనో, ముందు రోలర్ పుల్లీ పక్కనో ఉండి, పుల్లీకి అతికించిన చిన్న అయస్కాంతం తన ముందు నుంచి పోయిన ప్రతిసారీ బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. రెంటి మధ్య ఎడం సుమారు 3 మి.మీ. ఉండాలి, ఎడం పెరిగితే సంకేతం తప్పిపోతుంది.

మోటారును పరీక్షించడానికి మొదట దాని రెండు లావు తీగలను బోర్డు నుంచి తీయండి. బోర్డు మీద వాటి దగ్గర ఎం ప్లస్, ఎం మైనస్ అనో, ఏ ప్లస్, ఏ మైనస్ అనో రాసి ఉంటుంది. తీసేముందు ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోవడం తప్పనిసరి; తీగల రంగులు ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. మోటారు బెల్టును, అంటే మోటారు నుంచి ముందు రోలర్‌కు వెళ్లే గాడుల బెల్టును కూడా పుల్లీ మీది నుంచి తప్పించండి.

ఇప్పుడు చేసే పరీక్షకు మీటరు కూడా అక్కర్లేదు. రెండు తీగల కొసలను విడివిడిగా ఉంచి ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పితే మోటారు తేలిగ్గా, అడ్డు లేకుండా తిరగాలి. తరువాత ఆ రెండు కొసలను ఒకదానికొకటి కలిపి పట్టుకుని మళ్లీ తిప్పితే, ఎవరో లోపలి నుంచి పట్టి ఆపుతున్నట్టు బరువుగా తిరగాలి. శాశ్వత అయస్కాంతాలున్న మోటారును చేత్తో తిప్పినప్పుడు అది జనరేటర్‌గా పనిచేస్తుంది. కొసలు కలిసి ఉంటే పుట్టిన కరెంటు లోపలే ప్రవహించి, తిరగడాన్ని తానే అడ్డుకుంటుంది. కొసలు కలిపినా తేలిగ్గానే తిరిగితే బ్రష్షులు కమ్యుటేటర్‌కు (షాఫ్టు మీద అవి ఆనే రాగి పట్టీల వలయానికి) తగలడం లేదనో, తీగ ఎక్కడో తెగిందనో తెలుస్తుంది. కొసలు విడిగా ఉన్నా అడుగడుగునా పట్టేస్తున్నట్టు తిరిగితే ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) చుట్లు లోపల ఒకదానికొకటి అంటుకుని ఉండాలి, లేదా బేరింగులు పట్టేసి ఉండాలి. బేరింగు పాడైతే గరగరమనే శబ్దం తోడుగా వస్తుంది, షాఫ్టు పక్కలకు ఊగుతుంది.

ఆ తరువాత మల్టీమీటరును ఓముల స్థాయిలో పెట్టి రెండు లావు తీగల మధ్య కొలుస్తూ షాఫ్టును నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. బాగున్న మోటారులో కొద్ది ఓములే కనిపిస్తాయి. అంకె కాస్త అటూ ఇటూ ఆడినా ఫరవాలేదు. ఏదో ఒక చోటికి రాగానే మీటరు పూర్తిగా తెగిపోయినట్టు చూపిస్తే కమ్యుటేటర్‌లో ఆ పట్టీకి అతుకు ఊడిందని అర్థం. ఇక ఒక తీగకూ మోటారు ఇనుప ఒంటికీ మధ్య ఏ లెక్కా చూపించకూడదు. అక్కడ ఓములు కనిపించినా, యంత్రం పెట్టగానే ఇంట్లోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోతున్నా, చుట్లలోంచి గానీ పేరుకున్న కార్బన్ పొడిలోంచి గానీ కరెంటు ఒంటికి పారుతోంది. పొడి వల్ల అయితే బ్లోయరుతో ఊది శుభ్రం చేస్తే తగ్గుతుంది. అలా తగ్గకపోతే ఆ మోటారును వాడకూడదు.

కొన్ని మోటార్లకు రెండు సన్నని తీగలు కూడా ఉంటాయి. అవి లోపలి థర్మల్ స్విచ్చువి. మోటారు మితిమీరి వేడెక్కినప్పుడు తెరుచుకుని, చల్లారాక తిరిగి మూసుకుంటుంది. చల్లారిన మోటారులో కూడా ఈ రెండు తీగల మధ్య దారి తెగినట్టు మీటరు చూపిస్తే పాడైంది ఆ చిన్న స్విచ్చే కావచ్చు. దాన్ని తప్పించి తీగలను నేరుగా కలిపేయమని సలహా ఇచ్చేవారుంటారు. నేను గట్టిగా వద్దంటాను. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు మోటారు అంటుకోకుండా కాపాడేది అదొక్కటే.

మా ఇంట్లో రెండో మోటారు ఆగినప్పుడు నేను దాన్ని వీధి చివరనున్న వైండింగ్ షాపుకు తీసుకుని వెళ్లాను. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇటువంటి షాపులకు బోరుబావుల సబ్‌మెర్సిబుల్ మోటార్లే ప్రధానమైన పని అయినా, అనుభవమున్న చెయ్యి ఏ మోటారునైనా చదువుతుంది. ఆయన మోటారును అందుకుంటూనే అడిగిన మొదటి మాట, "కార్బన్లు చూసినారా సార్?" అని. నేను చూడలేదు. మోటారు రెండు పక్కలా ఉండే నల్లటి మూతలను స్క్రూడ్రైవరుతో తిప్పి తీస్తే, స్ప్రింగుతో పాటు కార్బన్ బ్రష్ బయటికి వస్తుంది. అది బాగా అరిగి పొట్టిగా మిగిలినా, అంచు విరిగినా, స్ప్రింగు కాలి మెత్తబడినా కొత్త జత వేయాలి. ఒక పక్కదే అరిగినా రెండూ మార్చాలి. బ్రష్షులు మార్చడానికయ్యే ఖర్చు మోటారు ధరతో పోలిస్తే చాలా స్వల్పం కాబట్టి, ఈ మూతలు తీసి చూడకుండా ఎవరూ మోటారు కొనకూడదు. పాత బ్రష్‌నే తిరిగి పెట్టేటట్టయితే తీసిన పక్కనే, తీసిన వైపుగానే పెట్టాలి. దాని కొస కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. తిప్పి పెడితే నిప్పురవ్వలు లేస్తాయి.

బ్రష్షులు బాగుండి, కమ్యుటేటర్ మాత్రం నల్లబడి గీతలు పడి ఉంటే, ఆర్మేచర్‌ను లేత్ మీద పలుచగా తీయించి, పట్టీల మధ్య సందుల్ని శుభ్రం చేయించవచ్చు. ఇందుకు మోటారు తెరవాలి. తెరిచేముందు మోటారు రెండు చివరల మూతలూ ఒంటితో కలిసే చోట గీత పెట్టుకోవాలి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు బ్రష్షుల స్థానం మారిపోతుంది. లోపలి అయస్కాంతాలు పెళుసైనవి. ఆర్మేచర్‌ను బయటికి లాగేటప్పుడు అవి దాన్ని తమవైపు గట్టిగా గుంజుకుంటాయి. చెయ్యి జారితే అంచు పగులుతుంది. ఆర్మేచర్ చుట్లే కాలి నల్లబడి ఉంటే రీవైండింగు కన్నా కొత్త మోటారే మేలని నా అభిప్రాయం. నిమిషానికి మూడు నాలుగు వేల చుట్లు తిరిగే ఆర్మేచర్‌ను చుట్టాక బ్యాలెన్సు కూడా చేయాలి, అది చేయగల షాపు అన్నిచోట్లా దొరకదు.

బోర్డును పరీక్షించాలంటే కరెంటు పెట్టి చూడక తప్పదు, అందువల్ల ఎలక్ట్రికల్ పని తెలిసినవారే దీనికి పూనుకోవాలి. మోటారు తీగలకు బదులు 100 వాట్ల పాత తరహా ఫిలమెంట్ బల్బులు రెండింటిని వరుసగా కలిపి బోర్డుకు తగిలించి యంత్రాన్ని మొదలుపెడితే, వేగం పెంచేకొద్దీ బల్బులు నిదానంగా వెలుగు పుంజుకోవాలి. సెన్సార్ సంకేతం రాకపోవడం వల్ల బోర్డు కొన్ని సెకన్లకే ఆపేసినా, ఆ కాస్త వెలుగూ చాలు. అసలు వెలగకపోతే తప్పు బోర్డులోనో, దానికి ఆజ్ఞ అందే దారిలోనో ఉంది. స్టార్ట్ నొక్కీ నొక్కకముందే బల్బులు పూర్తి వెలుగుతో మండితే బోర్డు మీది పవర్ ట్రాన్సిస్టర్ లోపల అంటుకుపోయింది. ఆ బోర్డుకు మోటారు తగిలిస్తే బెల్టు ఒక్కసారిగా గరిష్ఠ వేగం అందుకుంటుంది, మీద నిలబడిన మనిషి వెనక్కి విసిరివేయబడతాడు. కొత్త మోటారు బిగించేముందు ఈ ఒక్క విషయం తేల్చుకోవడం కోసమైనా తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

మోటారు ఎందుకు కాలింది

మోటారు పోయిందని తేలితే ఇక దాన్ని పక్కన పెట్టి నడిచే బెల్టు దగ్గరికి రండి. ఇంటి ట్రెడ్‌మిల్‌లో మోటారు చేసే పనిలో పెద్ద భాగం, మనిషి బరువుతో పలకకు నొక్కుకున్న బెల్టును లాగడమే. ఆ రాపిడి పెరిగిన కొద్దీ మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది. చుట్లలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండింతలు దాటుతుంది. బెల్టు అంచు ఎత్తి మధ్య వరకు చెయ్యి దూర్చి చూస్తే వేళ్లకు పలుచగా సిలికాన్ ఆయిల్ జిడ్డు తగలాలి. పొడిగా తగిలితే ఆయిల్ వేయాలి. పలక పైపొర గీసుకుపోయి లోపలి చెక్క కనిపిస్తున్నా, బెల్టు అడుగు అద్దంలా నున్నగా అరిగి మెరుస్తున్నా ఆయిల్ ఒక్కటే సరిపోదు, వాటిని మార్చాలి. కొన్ని యంత్రాల్లో పలకను తిరగేసి రెండో వైపు వాడుకునే వీలుంటుంది.

వంటనూనె, కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, గ్రీజు దీనికి పనికిరావు. అవి బెల్టు అడుగు పొరను పాడుచేస్తాయి, దుమ్మును పట్టి ముద్దచేస్తాయి. ట్రెడ్‌మిల్ కోసం అమ్మే సిలికాన్ ఆయిల్ మాత్రమే వాడాలి.

రెండో కారణం బెల్టు బిగువు. బెల్టు జారుతోందని వెనుక రోలర్ బోల్టులను తిప్పుతూ పోతే రాపిడీ పెరుగుతుంది, బేరింగులూ పాడవుతాయి. సరైన బిగువులో, బెల్టు మధ్యలో అంచును పట్టుకుని పైకెత్తితే రెండు మూడు అంగుళాలు లేవాలి. ఆపిన స్థితిలో రోలర్లను చేత్తో తిప్పి శబ్దం కూడా వినండి.

మూడోది దుమ్ము, వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీది రేకుల గదిలో ట్రెడ్‌మిల్ పెట్టినవారి మోటారుకు ఆ వేడిలోనే తనను తాను చల్లార్చుకోవలసిన పని పడుతుంది. మోటారు చివరనున్న చిన్న ఫ్యాను షాఫ్టుతో పాటే తిరుగుతుంది కాబట్టి, నడక నిదానమైతే గాలి కూడా తగ్గుతుంది. బరువైన మనిషి ఎండిన బెల్టు మీద గంటసేపు నెమ్మదిగా నడవడమే మోటారుకు అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తుంది. కొండెక్కడం అలవాటు చేసుకోవడానికి వాలు పెంచి నడిచేవారు, వాలు వల్లే మోటారు కాలిందని అనుకుంటారు. అది నిజం కాదు. వాలు పెంచినప్పుడు మనిషి బరువులో కొంత భాగం బెల్టు కదిలే వైపుకే తోస్తుంది, అందుకే నడిపే మోటారుకు భారం కొంత తగ్గుతుంది కూడా. వాలుకు పైకెత్తే మోటారు వేరుగా ఉంటుంది, ఆ శ్రమ దానిది. కాబట్టి నాన్నగారిని వాలు తగ్గించమని నేనెన్నడూ అడగలేదు. బెల్టుకు మాత్రం నెలకోసారి ఆయిల్ చూస్తాను.

కొత్త మోటారు ఎంపిక

పాత మోటారు ఒంటి మీద అతికించిన ప్లేటును శుభ్రంగా తుడిచి ఫోటో తీయండి. దానిమీద వోల్టులు, ఆంపియర్లు, నిమిషానికి చుట్లు, హార్స్ పవర్, తిరిగే దిశ ఉంటాయి. వోల్టులు తప్పకుండా కలవాలి. మన దేశంలో అమ్మే యంత్రాల్లో 180 వోల్టుల డీసీ అని ఉండటం సామాన్యం. అంతకన్నా తక్కువ వోల్టుల మోటారును అదే బోర్డుకు తగిలిస్తే అది అదుపు తప్పిన వేగంతో తిరిగి వేడెక్కుతుంది.

హార్స్ పవర్ అంకెను మాత్రం కళ్లు మూసుకుని నమ్మకండి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు, రెండైతే 1,492 వాట్లు. ప్లేటు మీద 180 వోల్టులు, 8 ఆంపియర్లు అని ఉండి, పక్కనే 3 హెచ్‌పీ అని ఉందనుకోండి. 180ని 8తో గుణిస్తే 1,440 వాట్లే వస్తాయి. లోపలికి వెళ్లే మొత్తం కరెంటు శక్తే రెండు హార్స్ పవర్‌కు చాలనప్పుడు, షాఫ్టు నుంచి నిరంతరంగా మూడు ఎలా వస్తాయి? ఆ మూడు క్షణకాలం అందే గరిష్ఠ శక్తి అన్నమాట. రోజూ నడవడానికి పనికొచ్చేది నిరంతర సామర్థ్యం. అమ్మేవారిని అదే అడగండి. వారు చెప్పలేకపోతే వోల్టులనూ ఆంపియర్లనూ గుణించి మీరే చూసుకోండి. అలాగని పాతదానికన్నా బాగా పెద్ద మోటారు వేయడం కూడా తెలివైన పని కాదు, ఎందుకంటే దాని కరెంటును బోర్డు తట్టుకోలేక కాలిపోవచ్చు.

పుల్లీ కొలత కలవాలన్న సంగతిని చాలామంది పట్టించుకోరు. ముందు రోలర్ వ్యాసం 45 మి.మీ. అనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 141 మి.మీ. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 167 మీటర్లు, అంటే రోలర్ నిమిషానికి దాదాపు 1,180 సార్లు తిరగాలి. రోలర్ పుల్లీ మోటారు పుల్లీకి మూడు రెట్లు పెద్దదైతే మోటారు 3,540 చుట్లు తిరగాలి. ఇప్పుడు కొత్త మోటారు పుల్లీ పాతదానికన్నా పదో వంతు పెద్దదని ఊహించండి. సెన్సార్ మోటారు దగ్గరే ఉన్న యంత్రంలో తెర మీద 10 అని కనిపిస్తూ బెల్టు 11 కిలోమీటర్ల వేగంతో పోతుంది; వయసు పైబడినవారికి ఆ తేడా చిన్నది కాదు. సెన్సార్ రోలర్ దగ్గర ఉంటే వేగం సరిగ్గానే ఉంటుంది గానీ మోటారు మీద బరువు పెరుగుతుంది. పుల్లీ మీది గాడుల సంఖ్యను కూడా లెక్కపెట్టండి.

వీటితో పాటు బోల్టు రంధ్రాల మధ్య దూరం, షాఫ్టు ఏ వైపు నుంచి బయటికి వస్తుంది, తీగల పొడవు, సన్నని థర్మల్ తీగలు ఉన్నాయా లేవా అన్నవి పోల్చాలి. తిరుపతిలో సరైన మోటారు దొరకకపోతే చెన్నై 150 కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి పార్సిల్ రెండు రోజుల్లో రావచ్చు. కానీ డబ్బు పంపేముందే ప్లేటు ఫోటో, స్కేలు పక్కన పెట్టి తీసిన పుల్లీ ఫోటో పంపించి, వారి దగ్గరున్న మోటారు ఫోటోలు కూడా అలాగే తెప్పించుకోండి.

విప్పడం, బిగించడం

చాలా యంత్రాల్లో మోటారును అడుగు ఫ్రేముకు రెండు లేక నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి, 13 మి.మీ. స్పానర్, ఒక సెట్టు ఎలెన్ కీలు, స్టార్ స్క్రూడ్రైవరు ఉంటే దాదాపు పని అయిపోతుంది. బోల్టులు వదులు చేసేముందు మోటారు అంచు వెంబడి ఫ్రేము మీద మార్కరుతో గీత గీయండి. ఆ గీత మీకు తరువాత గంట సమయం మిగులుస్తుంది. మోటారు ఆరేడు కిలోలు తూగవచ్చు. చివరి బోల్టు తీసేటప్పుడు ఇంకొకరి చేత పట్టించండి, లేకపోతే అది జారి పక్కనున్న బోర్డు మీద పడుతుంది. ఒంటికి తగిలించిన ఆకుపచ్చ ఎర్త్ తీగ ఉంటే దాన్నీ గుర్తుపెట్టుకుని తీయండి.

ఖాళీ అయిన చోటును బ్లోయరుతో, బ్రష్షుతో పూర్తిగా శుభ్రం చేయండి. ఆ మూలకు మళ్లీ చెయ్యి అందే రోజు ఎప్పుడో గానీ రాదు.

కొత్త మోటారుకు ఫ్లైవీల్ రాకపోతే పాతదాన్ని తీసి పెట్టాలి. కొన్నిటిలో అది ఎడమ మరతో ఉంటుంది, అంటే మామూలు మరకు వ్యతిరేకంగా తిప్పితే వదులవుతుంది. మోటారు తిరిగే దిశలోనే అది మరింత బిగిసేట్టు అలా తయారుచేస్తారు. కాబట్టి ఏ మరో చూడకుండా బలం ప్రయోగించకండి, సుత్తితో అసలు కొట్టకండి. ఆ దెబ్బ షాఫ్టు గుండా బేరింగులకూ అయస్కాంతాలకూ చేరుతుంది. ఇదే కారణంగా మోటారును తప్పు దిశలో నడపకూడదు, నడిపితే ఫ్లైవీల్ మర విడి ఊడి వచ్చే ప్రమాదం ఉంది.

మోటారును గీతల దగ్గర కూర్చోబెట్టి, బోల్టులను వేళ్లతో తిరిగేంత వదులుగానే ఉంచి, మోటారు బెల్టును ముందు మోటారు పుల్లీకి, తరువాత రోలర్ పుల్లీకి ఎక్కించండి. బెల్టు గాడులన్నీ పుల్లీ గాడుల్లో కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక గాడి పక్కకు జరిగినా బెల్టు వారంలో చీలుతుంది. పొడవైన ఇనుప స్కేలును రెండు పుల్లీల ముఖాలకు ఆనించి, రెండూ ఒకే వరుసలో ఉన్నాయని చూసుకోండి. బిగువు విషయంలో, బెల్టును మధ్యలో రెండు వేళ్లతో పట్టి మెలితిప్పితే పావు చుట్టు వరకు తిరగాలి, అంతకు మించి సులువుగా తిరగకూడదు. ఎక్కువ బిగిస్తే మోటారు ముందు బేరింగు అరుగుతుంది, తక్కువైతే అడుగు వేసినప్పుడల్లా బెల్టు జారి కీచుమంటుంది. అప్పుడు బోల్టులను ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా, మూలమూలలుగా బిగించండి. స్ప్రింగ్ వాషర్లు పాతవి చదునైపోతే కొత్తవి వేయండి.

ఎర్త్ తీగను ముందుగా, పెయింటు గీకిన శుభ్రమైన లోహం మీద బిగించాలి. లావు తీగల లగ్గులు (కొసలకుండే లోహపు క్లిప్పులు) బోర్డు పిన్నుల మీద గట్టిగా కూర్చోవాలి. వదులుగా ఉంటే ప్లయర్‌తో కాస్త నొక్కి ఎక్కించండి, ఎందుకంటే వదులు లగ్గు దగ్గర పుట్టే వేడి పిన్నునూ బోర్డునూ కాల్చేస్తుంది. సన్నని థర్మల్ తీగలను వాటి చోట పెట్టి, ఏ తీగా ఫ్లైవీల్‌కూ బెల్టుకూ తగలకుండా ట్యాగులతో కట్టండి. చివరగా సెన్సార్ ఎడాన్ని మరోసారి చూడండి.

మొదటి పరుగు

కవరు వేయకముందే, బెల్టు మీద ఎవరూ లేకుండా, చేతులు దూరంగా ఉంచి, అతి తక్కువ వేగంతో యంత్రాన్ని మొదలుపెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకుండా, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కే ప్లగ్గు పెట్టాలి. ఇంట్లోని ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టిన మామూలు ఇన్వర్టర్ ఈ భారాన్ని మోయలేదు, కాబట్టి కరెంటు పోయినప్పుడు దాని మీద నడపవద్దు. బెల్టు వెనక్కి పోవలసింది ముందుకు వస్తే వెంటనే ఆపి, ప్లగ్గు తీసి, కెపాసిటర్ల కోసం మళ్లీ పది నిమిషాలు ఆగి, రెండు లావు తీగలను అటుదిటు మార్చండి.

దిశ సరిగ్గా ఉంటే గంటకు 3 లేక 4 కిలోమీటర్ల వేగంతో అరగంట ఖాళీగా నడవనివ్వండి. ఈ లోపు కొత్త బ్రష్షుల కొసలు కమ్యుటేటర్ వంపుకు అరిగి కుదురుకుంటాయి. మొదట్లో చిన్న చిన్న నీలి రవ్వలు కనిపించి తగ్గిపోతే భయం లేదు. పసుపు రంగు మంటలా చుట్టూ తిరిగితే ఆపేయాలి. తెర చూపే వేగం నిజమో కాదో తెలుసుకోవడానికి, బెల్టు మీద తెల్ల టేపు ముక్క అంటించి అది నిమిషానికి ఎన్నిసార్లు చుట్టి వస్తుందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యను మీటర్లలో బెల్టు మొత్తం పొడవుతో గుణించి, వచ్చినదాన్ని 0.06తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. బెల్టు పొడవు 2.8 మీటర్లయి, టేపు 36 సార్లు వస్తే వేగం 6 కిలోమీటర్లకు కాస్త పైన ఉన్నట్టు.

ఆ తరువాత ఇంట్లో రోజూ నడిచే మనిషినే ఎక్కించి, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడుస్తుండగా, డీసీ కొలవగల క్లాంప్ మీటరును మోటారు తీగల్లో ఒకదాని చుట్టూ మాత్రమే పెట్టి ఆంపియర్లు చూడండి. అంకె అడుగడుగుకూ ఎగిరిపడుతుంది కాబట్టి సగటును గమనించాలి. అది ప్లేటు మీది అంకెకు బాగా దిగువన ఉండాలి. దానికి దగ్గరగా చేరుతుంటే బెల్టు, పలక, రోలర్లలో ఎక్కడో రాపిడి ఇంకా మిగిలే ఉంది; అది పోయేవరకు ఎవరినీ నడవనివ్వకండి. ఇరవై నిమిషాల నడక తరువాత ప్లగ్గు తీసి మోటారు ఒంటిని తాకి చూడండి, వెచ్చగా ఉండాలే గానీ చెయ్యి వెనక్కి తీసుకునేట్టు ఉండకూడదు.

పది గంటల వాడకం తరువాత కవరు మరోసారి తీసి బోల్టుల బిగువు, మోటారు బెల్టు బిగువు సరిచూడాలి, ఎందుకంటే కొత్త బెల్టు మొదటి రోజుల్లో కాస్త సాగుతుంది. మా యంత్రం కవరు లోపలి వైపు ఒక కాగితం అంటించి, మూడో మోటారు బిగించిన తేదీ, ఆ రోజు నాన్నగారు నడిచినప్పుడు వచ్చిన ఆంపియర్లు, ఆయిల్ వేసిన తేదీలు వరుసగా రాస్తున్నాను. ఆరు నెలలకోసారి మళ్లీ కొలిచినప్పుడు ఆంపియర్లు పెరిగి కనిపిస్తే, మోటారు జోలికి పోకముందు బెల్టు కింద చెయ్యి దూర్చి చూస్తాను.